పేరున్న బ్యాండ్‌లో మధ్యలో చేరేవాళ్లకు: పాటల నుంచి పేమెంట్ దాకా

పదిహేను ఇరవై ఏళ్లుగా నడుస్తున్న రాక్ బ్యాండ్ నుంచి విశాఖలో ఉన్న గిటారిస్టుకో కీబోర్డు ప్లేయర్‌కో ఫోన్ వచ్చిందంటే అక్కడ ఏదో ఖాళీ పడినట్టే. చాలామంది ఆ రాత్రే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పాటలు మొదలుపెట్టేస్తారు. అంతకంటే ముందు ఆ ఖాళీ ఎలాంటిదో తేల్చుకోవాలి. ఏ పాట ఎంత లోతుగా నేర్చుకోవాలి, ఏ సామాను కొనాలి, ఎంత అడగాలి అన్నీ దాన్ని బట్టే ఉంటాయి.

ఖాళీ ఏ రకం?

మనిషి వెళ్లిపోయిన ఖాళీ ఒకటి. బ్రిటిష్ రాక్ బ్యాండ్ ద హూ బేసిస్టు జాన్ ఎంట్విసిల్ 2002 జూన్ 27న, అమెరికా టూర్ మొదలవబోతుండగా చనిపోయాడు. జులై 1న హాలీవుడ్ బౌల్‌లో ఆయన చోట పీనో పల్లాడినో వాయించాడు. ఇలాంటి చోట పాత మనిషి వేసిన ప్రతి బిట్టూ జనం చెవుల్లో ఉంటుంది. ఏ బిట్టు తీసేస్తే పాట చెడిపోతుందో, ఏది ఆ మనిషి ఆ రోజు సరదాకి వేసుకున్నదో విడదీసుకోవడమే అక్కడ అసలు పని.

చేతులు చాలని ఖాళీ ఇంకొకటి. స్టూడియోలో ఒకే గిటారిస్టు మూడు ట్రాకులు వేస్తాడు, స్టేజీ మీద ఆయనకున్నవి రెండు చేతులే. ముగ్గురే ఉన్న నిర్వాణా 1993లో రెండో గిటార్‌కి పాట్ స్మియర్‌ను తీసుకుంది. ఐరన్ మైడెన్‌లోనైతే స్టీవ్ హారిస్ బేస్ గిటార్లు చూసుకునే టెక్నీషియన్ మైఖేల్ కెన్నీయే ఏళ్ల తరబడి జనానికి కనపడని చోట నుంచి కీబోర్డు వాయించాడు. ఈ రకం పనిలో పాత మనిషితో పోలిక ఉండదు. చప్పట్లూ పెద్దగా ఉండవు. మీరు ఉన్నారని జనానికి తెలియకపోయినా, లేని రోజు మాత్రం పాట పల్చగా వినపడాలి.

ఎవరికో ఒంట్లో బాగోక నాలుగు షోలకు పిలిస్తే అది మూడో రకం. ఇక్కడ కొత్త ఆలోచనలు ఏవీ వద్దు. ఉన్నది ఉన్నట్టు వాయించి, పాత మనిషి తిరిగి రాగానే నవ్వుతూ తప్పుకోవాలి.

ఒక మనిషి ఖాళీలో రెండు పనులు దాగి ఉండొచ్చు. ఇండియన్ ఓషన్‌లో అషీమ్ చక్రవర్తి తబలా వాయిస్తూనే పాడేవాడు. 2009 డిసెంబరులో ఆయన పోయాక పాటకి హిమాంశు జోషి, తబలాకి తుహీన్ చక్రవర్తి, ఇద్దరు రావాల్సి వచ్చింది. అందుకే పిలిచినవాళ్లను విప్పి అడగండి: పాత కీబోర్డు ప్లేయర్ హార్మనీ పాడేవాడా? క్లిక్ (టెంపో తప్పకుండా చెవిలో వినిపించే టిక్ టిక్) నడిపే ల్యాప్‌టాప్ ఆయన దగ్గరే ఉండేదా? పాటకీ పాటకీ మధ్య జనంతో మాట్లాడేవాడా? చివరి రిహార్సల్ దాకా ఇవేవీ ఎవరూ చెప్పరు. అప్పుడు బయటపడితే మీరే ఇరుక్కుంటారు.

ఫోన్‌లో సరే అనే ముందు

పెద్దవాళ్లని గౌరవంగానే, కానీ సూటిగా అడగాలి. ‘‘అన్నా, డేట్లు నాకు ఓకే. రిహార్సల్స్ ఎన్ని రోజులు? వాటికి పేమెంట్ వేరేనా, షో రేటులో కలిపేనా? టికెట్లు, రూమ్ మీరే చూస్తారా? సెట్ లిస్ట్, లేటెస్ట్ లైవ్ రికార్డింగ్, మల్టీట్రాక్ (ప్రతి వాయిద్యం విడివిడిగా ఉన్న రికార్డింగ్) ఉంటే అదీ పంపగలరా?’’ ఇంతే. ఇవి అడిగితే అవకాశం పోతుందని భయపడేవాళ్లున్నారు. పదేళ్లు పైబడి షోలు చేస్తున్న బ్యాండ్‌కి ఇవి రోజూ వినే ప్రశ్నలే. అడగనివాడిని చూస్తేనే వాళ్లకి అనుమానం వస్తుంది.

పాటలు పట్టడం

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఆల్బమ్‌లో విన్న పాటకీ, బ్యాండ్ ఇప్పుడు స్టేజీ మీద వాయించే పాటకీ తేడా ఉంటుంది. వయసు పెరిగిన గాయకుడు స్కేల్ దించుకుంటాడు. టెంపో నిమిషానికి నాలుగైదు బీట్లు పెరుగుతుంది. రెండో చరణం తర్వాత పాతికేళ్ల కిందట లేని పదహారు బార్ల (తాళం ఆవర్తాల) సోలో చేరుతుంది. కాబట్టి గత ఏడాదిలోపు లైవ్ రికార్డింగే మీకు మూలం. ఆల్బమ్ టోన్ల కోసం మాత్రమే.

ట్యూనింగ్ సంగతి ముందే తేల్చండి. గన్స్ ఎన్ రోజెస్‌లా గిటార్లన్నీ అర స్వరం కిందికి దించి వాయించే బ్యాండ్లు చాలా ఉన్నాయి. రికార్డింగ్ విని మీరు ఈ (E) ఫ్లాట్ కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) పట్టుకుంటారు, వాళ్లు రిహార్సల్‌లో ‘‘ఈ’’ అంటారు. ఇద్దరిదీ తప్పు లేదు, కానీ అరగంట పోతుంది.

కీబోర్డు వాళ్లకి ఇదే బెడద ఇంకో రూపంలో వస్తుంది. విశాఖలో పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లో, సినిమా పాటల ప్రోగ్రాముల్లో పెరిగినవాళ్లకి ట్రాన్స్‌పోజ్ బటన్ అలవాటు. సింగర్ స్కేల్ మారిస్తే బటన్ నొక్కి అదే వేళ్లతో వాయించేస్తారు. అక్కడ అది బంగారం లాంటి విద్య. రాక్ బ్యాండ్‌లో అదే కొంప ముంచుతుంది. గిటారిస్టు మధ్యలో తిరిగి ‘‘ఎఫ్ షార్ప్ మీద ఉండు’’ అని అరిస్తే, బటన్ రెండు దించి ఉన్న కీబోర్డు మీద మీరు ఎఫ్ షార్ప్ నొక్కినప్పుడు వచ్చేది ఈ (E) స్వరం. తప్పనిసరి అయితే ట్రాన్స్‌పోజ్‌ని ఆ పాట ప్యాచ్‌లోనే (కీబోర్డులో దాచుకున్న శబ్దం సెట్టింగ్) సేవ్ చేయండి, తర్వాతి పాట ప్యాచ్ సున్నాతో తెరుచుకోవాలి. చేత్తో నొక్కి, చేత్తో తీద్దాం అనుకుంటే చీకట్లో ఏదో ఒక రోజు మర్చిపోతారు.

ఆర్కెస్ట్రా అలవాటు ఇంకోటి కూడా వదిలించుకోవాలి. ఖాళీ కనపడితే బిట్టు వేసేయడం. అక్కడ ఇంటర్లూడ్‌లో వయొలిన్లు, ఫ్లూటు, బెల్స్ అన్నీ ఒక్కడే పూరించాలి కాబట్టి చెయ్యి ఊరుకోదు. రాక్ బ్యాండ్‌లో చాలాసార్లు ఆ ఖాళీయే పాట. అయితే ఆర్కెస్ట్రా వాళ్లకున్న ఒక బలం కాలేజీ బ్యాండ్ల నుంచి వచ్చినవాళ్లకి ఉండదు. ఒక్కసారి విని పాట ఫారం (పల్లవి, చరణాల వరస) పట్టేస్తారు, సింగర్ చరణం ఎగ్గొడితే పల్లవిలోకి దూకేస్తారు. దాన్ని మాత్రం వదులుకోకండి.

ఇరవై పాటల సెట్, చేతిలో పన్నెండు రోజులు ఉంటే లెక్క ఇలా వేసుకోండి. మొదటి రెండు రోజులు వాయిద్యం ముట్టకుండా వినండి, ప్రతి పాటకీ ఒక పేజీ రాయండి. తర్వాతి ఆరు రోజులు రోజుకి మూడు నాలుగు పాటలు, కష్టమైనవి ముందు. తొమ్మిది, పది రోజుల్లో పాటల మధ్య ఆపకుండా, నిలబడి, సెట్ వరసలో వాయించండి. కూర్చుని నేర్చుకున్న గిటార్ పార్టు నిలబడితే మణికట్టు కోణం మారి తడబడుతుంది. పట్టీ పొడవు సరిచేసుకోవాల్సింది ఇంట్లోనే. ఆఖరి రెండు రోజులు మొదలు, మలుపులు, ముగింపులు మాత్రమే. మధ్యలో ఒక కార్డు తప్పితే గిటారిస్టుకి తప్ప ఎవరికీ తెలియదు, ముగింపులో ఒక బార్ ఎక్కువ వాయిస్తే ఆఖరి వరసలో సమోసా తింటున్నవాడికి కూడా తెలుస్తుంది.

పేజీలో ఏం రాయాలంటే, కీబోర్డుకి ఇలా (112 టెంపో; ఇంట్రో, పల్లవి, చరణం, సోలో పక్కన అంకెలు బార్లు; ప్యాడ్ అంటే వెనక సాగే మెత్తని స్వరం):

7వ పాట. స్కేల్ డీ మైనర్. 112. కౌంట్ హైహ్యాట్ మీద 4.
ఇంట్రో 8: నేను లేను. చివరి 2 బార్లలో ప్యాడ్ లోపలికి.
పల్లవి 16: ఆర్గాన్, కుడి చెయ్యి మాత్రమే.
చరణం 1, 16: ఏమీ లేదు.
పల్లవి 8: సగమే, జాగ్రత్త.
గిటార్ సోలో 16: డీ – బీ ఫ్లాట్ – సీ. ఆయన చెయ్యెత్తితే ఇంకో 8.
చరణం 2: పియానో, అడుగు ఆక్టేవ్ వద్దు.
ముగింపు: పల్లవి 3 సార్లు, మూడోసారి 6వ బార్ మీద కట్. డ్రమ్మర్ కుడి భుజం చూడు.

కార్డులన్నీ రాయక్కర్లేదు. చెయ్యి ఎక్కడ ఆగాలో, ఎవరిని చూడాలో రాసుకుంటే చాలు. రోలింగ్ స్టోన్స్‌తో 1982 నుంచి వాయిస్తున్న కీబోర్డు ప్లేయర్ చక్ లెవెల్ పాటల స్కేళ్లు, కార్డులు, అరేంజ్‌మెంట్లు పెద్ద ఫైళ్లలో రాసి దాచుకుంటాడు. కాలక్రమంలో ఆ బ్యాండే తమ పాట ఎలా ఉండేదో ఆయన్ని అడిగే స్థితి వచ్చింది. మధ్యలో చేరినవాడికి ఇంతకంటే గట్టి కుర్చీ దొరకదు. రాసిన పేజీల ఫొటోలు ఫోన్‌లో కూడా ఉంచుకోండి. ట్యాబ్‌లో పీడీఎఫ్ పెట్టుకునేవాళ్లు ఎండలో షో ఉంటే ఒక కాగితం కాపీ కూడా తీసుకెళ్లండి, బీచ్ మధ్యాహ్నానికి ట్యాబ్ వేడెక్కి ఆరిపోతుంది.

టోన్లు, ప్యాచ్‌లు

ఇంట్లో చిన్న స్పీకర్‌లో అద్భుతంగా ఉన్న ప్యాచ్ స్టేజీ మీద మాయమైపోతుంది. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బేస్, ట్రెబుల్ సరిగా ఆనవు కాబట్టి ఇంట్లో ఆ రెండూ పెంచేస్తాం. గట్టిగా వాయించే చోట పెంచిన బేస్ కిక్ డ్రమ్‌తోనూ బేస్ గిటార్‌తోనూ కొట్టుకుంటుంది, ట్రెబుల్ సింబల్స్‌లో కలిసిపోతుంది. మీకు మిగిలేది మిడ్ (బేస్‌కీ ట్రెబుల్‌కీ మధ్యది). అందుకే ప్యాచ్‌లు చేసేటప్పుడు బ్యాండ్ లైవ్ రికార్డింగ్ గట్టిగా పెట్టి దాని మీదే వాయిస్తూ చేయండి. కీబోర్డు ప్యాడ్లలో 150–200 హెర్ట్జ్ కింద కోసేయండి. రివర్బ్ ఇంట్లో కావాలనిపించిన దానిలో సగం చాలు, హాలు మిగతాది తనే ఇస్తుంది.

ప్యాచ్‌ల మధ్య వాల్యూమ్ తేడా అన్నిటికంటే చెడ్డది. పద్ధతి ఇది: మీరు ఎక్కువగా వాడే క్లీన్ రిథమ్ ప్యాచ్‌ని ఏదైనా చిన్న మిక్సర్‌లోకో ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకో పెట్టి మీటర్ ఎక్కడ ఆడుతుందో గుర్తు పెట్టుకోండి. డిస్టార్షన్ ప్యాచ్ మీటర్‌లో అదే దగ్గర ఉన్నా చెవికి కొంచెం గట్టిగా తగులుతుంది, కాబట్టి ఒక చుక్క తగ్గించండి. సోలో ప్యాచ్ రిథమ్ కంటే 3 నుంచి 5 డీబీ పైన. అంతకు మించితే సౌండ్ ఇంజినీర్ మిమ్మల్ని నమ్మడం మానేసి ఫేడర్ కిందికి లాగి పెడతాడు, ఆ తర్వాత షో అంతా అలాగే వదిలేస్తాడు.

స్టీరియో పియానో ప్యాచ్‌ని ఒక్క కేబుల్‌తో మోనోగా ఇస్తే కొన్ని కీబోర్డులలో శబ్దం డొల్లగా అయిపోతుంది. కుడి ఎడమల తరంగాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోవడం వల్ల అలా జరుగుతుంది. మన ఊళ్లలో చాలా చోట్ల మీకు ఒకే లైన్ దొరుకుతుంది, కాబట్టి అన్ని ప్యాచ్‌లూ మోనోలో విని చూసుకోవాలి.

గిటార్ శబ్దం మార్చే పెడల్స్ కరెంటు విషయం లెక్కగా చూడండి. ఎక్కువ పెడల్స్‌కి 9 వోల్టులు, మధ్య పిన్ను నెగెటివ్. పాత పద్ధతి ఓవర్‌డ్రైవ్‌కి 10–20 మిల్లీఆంప్స్ చాలు, డిజిటల్ డిలే, రివర్బ్ పెడల్స్ అంతకంటే చాలా ఎక్కువ తాగుతాయి, కొన్ని 300 దాకా. అన్నిటినీ ఒకే అడాప్టర్‌కి గొలుసులా కడితే డిజిటల్ పెడల్ రొద మిగతా వాటిలోకి వస్తుంది. విడివిడి అవుట్‌పుట్లున్న ఐసొలేటెడ్ పవర్ సప్లై కొనుక్కోవడం ఒక్కటే మందు. రౌటర్‌ది 12 వోల్టుల అడాప్టర్ పిన్ను సరిపోయిందని గుచ్చితే పెడల్ చచ్చిపోవచ్చు.

విశాఖ గాలి, సామాను

సముద్రం పక్కన ఉన్నందుకు కట్టే పన్ను ఇది. తీగలు వారంలో గరుకెక్కుతాయి, జాక్‌లు పచ్చబడతాయి, గిటార్ బ్రిడ్జి స్క్రూలు తుప్పు పట్టి తిరగవు. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, లాసన్స్ బే వైపు ఇళ్లలో ఇంకా త్వరగా.

వాయించడం అయ్యాక పొడి నూలుగుడ్డతో తీగల పైనే కాదు, కిందా తుడవండి. తుప్పు మొదలయ్యేది కిందే. కోటింగ్ ఉన్న తీగల ధర ఎక్కువే, కానీ ఇక్కడ లెక్క వాటి వైపే మొగ్గుతుంది. గిటార్‌కి 10–46, బేస్‌కి 45–105 గేజ్ (తీగ మందం) సెట్లు కనీసం రెండేసి కవర్ విప్పకుండా ఉంచుకోండి. బయటి ఊళ్లో రాత్రి ఎనిమిదికి మీకు కావాల్సిన గేజ్ దొరకదు. షోకి ముందు రోజు తీగలు మార్చి, ఒక్కోదాన్ని పైకి లాగి మళ్లీ ట్యూన్ చేయడం నాలుగైదుసార్లు చేస్తే మొదటి పాటలో జారదు. బ్రిడ్జి స్క్రూలకి రెండు నెలలకోసారి చుక్క మెషీన్ ఆయిల్. జాక్‌లకి కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే చేసి ప్లగ్గును పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించండి.

అకూస్టిక్ గిటార్‌కి 45–55 శాతం తేమ ఆరోగ్యం. విశాఖలో వానాకాలం మొత్తం అంతకు చాలా పైనే ఉంటుంది. చెక్క నీరు తాగి పై పలక ఉబ్బుతుంది, తీగలు ఎత్తు పెరుగుతాయి, చేతికి బరువుగా అనిపిస్తుంది. కేసులో చిన్న డిజిటల్ హైగ్రోమీటర్, 50 గ్రాముల సిలికా జెల్ సంచులు రెండు పెట్టండి. రంగు మారే రకం తీసుకుంటే ఎప్పుడు ఆరబెట్టాలో అదే చెబుతుంది. గది గోడకి ఆనించి పెట్టిన గిటార్‌కి ఇవేవీ పనిచేయవు, కేసులో ఉండాలి.

ఏసీ గది నుంచి, ఏసీ కారు నుంచి నేరుగా ఆర్కే బీచ్ స్టేజీ మీదికి తెచ్చి కేసు తెరిస్తే చల్లని లోహం మీద నీటి బిందువులు పడతాయి. కీబోర్డులో, వైర్‌లెస్ రిసీవర్‌లో, మిక్సర్‌లో లోపల కూడా పడతాయి. స్టేజీ దగ్గరికి చేరాక కేసు మూసే ఉంచి అరగంట ఆగండి. హడావిడి పెట్టేవాళ్లుంటారు. పట్టించుకోకండి.

డ్రమ్మర్లకి కిట్ సాధారణంగా అద్దెదే దొరుకుతుంది. స్నేర్, కిక్ పెడల్, సింబల్స్, స్టూలు మీవి తీసుకెళ్లండి. డ్రమ్ కీ రెండు, సింబల్ స్టాండుకి వేసే ఫెల్టులు, ప్లాస్టిక్ స్లీవులు ఒక గుప్పెడు. అద్దె కిట్లలో ఇవి ఎప్పుడూ ఉండవు, ఎందుకో ఎవరికీ తెలియదు.

రిహార్సల్

పెద్ద బ్యాండ్లు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లో ఉంటాయి. సికింద్రాబాద్‌కి వందే భారత్‌లో ఎనిమిదిన్నర గంటలు, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా. దిగిన రోజే రిహార్సల్ పెట్టించుకోకండి. విమానమైతే చేతి సామాను పరిమితి 7 కిలోలు, గిటార్ దాంట్లో పట్టదు. గట్టి కేసులో పెట్టి, తీగలు ఒక స్వరం మేర వదులు చేసి, తల వెనక గుడ్డ కుక్కి చెకిన్ చేయాలి. వైర్‌లెస్ సెట్ల లిథియం విడి బ్యాటరీలు మాత్రం చేతి సంచిలోనే, చెకిన్‌లో పెట్టనివ్వరు.

మొదటి రిహార్సల్‌కి వెళ్లడమంటే భోజనాల బంతిలో అందరూ పెరుగన్నంలో ఉండగా విస్తరి ముందు కూర్చోవడమే. మీ కోసం ఎవరూ పప్పు దగ్గర్నుంచి మొదలుపెట్టరు. మొదటి రోజు ఎవరేమడిగినా ఆల్బమ్ పార్టు, లైవ్ పార్టు రెండూ చేతిలో ఉండాలి. సొంత ఆలోచన ఉంటే అందరి ముందూ చెప్పకుండా, విరామంలో ఆ పాట రాసినవాడికి విడిగా, వాయించి వినిపించండి. వద్దంటే మళ్లీ ఎత్తకండి.

ఎవరు ఎవర్ని చూస్తారో గమనించండి. పేరుకి సింగరే నాయకుడు కావచ్చు, పాట ముగిసేది మాత్రం డ్రమ్మర్ భుజం మీదో, గిటార్ మెడ కిందికి దిగడం మీదో అయ్యుంటుంది. రెండు రిహార్సల్స్ అయ్యాక కూడా మీరు కాగితమే చూస్తుంటే పాటలు ఇంకా రానట్టు లెక్క.

షో రోజు

ముందు రోజే సౌండ్ వాళ్లకి ఒక పేజీ పంపండి: మీకెన్ని లైన్లు, మోనోనా స్టీరియోనా, డీఐ బాక్సులు (వాయిద్యాన్ని నేరుగా సౌండ్ సిస్టమ్‌కి కలిపే పెట్టెలు) ఎన్ని, ప్లగ్ పాయింట్లు ఎక్కడ, మానిటర్‌లో మీకేం కావాలి. మొత్తం బ్యాండ్ పేజీలో మీ లైన్లు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. కొత్తగా చేరినవాడి చానెల్ పాత ఇన్‌పుట్ లిస్ట్‌లో ఉండదు, స్టేజీ మీదికి వెళ్లాక కేబుల్ లేదంటారు. రెండు మీ సొంత డీఐ బాక్సులు, 6 మీటర్ల కేబుళ్లు మూడు, స్పైక్ బస్టర్ ఒకటి, 16 ఆంప్స్ నుంచి 6 ఆంప్స్‌కి మార్చే ప్లగ్గు ఒకటి సంచిలో ఉంటే ఎవర్నీ అడుక్కోనక్కర్లేదు.

బీచ్‌లో, కాలేజీ గ్రౌండ్లలో కరెంటు జనరేటర్ నుంచి వస్తుంది. ఎర్త్ సరిగా లేకపోతే గిటార్ తీగ పట్టుకున్న చేత్తో ఉండగా పెదవి మైక్‌కి తగిలి చురుక్కుమంటుంది. దీన్ని నవ్వుకుని వదిలేయకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి ఒక మొన గిటార్ బ్రిడ్జికి, రెండోది మైక్ జాలీకి ఆనించండి. ఒకటి రెండు వోల్టులు దాటితే ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్త్ సరిచేసేదాకా వాయించకండి. హమ్ వస్తోందని ఎవరైనా ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయబోతే ఆపండి. హమ్ పోవాలంటే డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉంటుంది, అది నొక్కాలి.

2.4 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ గిటార్ సెట్లు ఖాళీ మైదానంలో సౌండ్ చెక్‌లో చక్కగా పనిచేస్తాయి. జనం వచ్చి వేల ఫోన్ల వైఫై, బ్లూటూత్ తెరుచుకున్నాక తెగిపోతాయి. పరుగులు పెట్టే పని లేకపోతే కేబులే మేలు.

సౌండ్ చెక్‌లో మీకు దొరికేది ఐదు నిమిషాలనుకోండి. అందరికంటే గట్టి ప్యాచ్ ముందు, తర్వాత మెత్తనిది, తర్వాత సోలో. పాట ముక్కలు వాయించి సరదా పడే సమయం కాదు. ఇన్ ఇయర్ మానిటర్లో ముందు క్లిక్ లేదా హైహ్యాట్, తర్వాత గాయకుడు, తర్వాత మీరు. మిగతావి అవసరమైతేనే. ఒక చెవిలోది తీసేసి వాయించే అలవాటు మానేయండి. బయటి రొదతో పోటీపడి రెండో చెవిలో వాల్యూమ్ పెంచేస్తారు, ఆ చెవి దెబ్బతింటుంది.

మూసిన హాళ్లలో ఆంప్ సౌండ్ తగ్గించుకోవాలి. బయటి స్టేజీ అలవాటుతో పెంచితే ముందు మూడు వరసలకి మీరు తప్ప ఎవరూ వినపడరు.

పేమెంట్, కాగితాలు

స్టేజీ మీద ఉండటం వేరు, బ్యాండ్‌లో వాటా ఉండటం వేరు. రోనీ వుడ్ 1975లో రోలింగ్ స్టోన్స్‌తో వాయించడం మొదలుపెట్టి 1990ల మొదటి దాకా జీతం మీదే ఉన్నాడు. డారిల్ జోన్స్ 1993 నుంచి అదే బ్యాండ్‌కి బేస్ వాయిస్తున్నాడు, ఇప్పటికీ అధికారిక సభ్యుడు కాదు. ఫూ ఫైటర్స్ కీబోర్డు ప్లేయర్ రామీ జాఫీ 2005 నుంచి షోలు చేసి 2017లో సభ్యుడయ్యాడు. బాన్ జోవీకి హ్యూ మెక్‌డొనాల్డ్ 1994 నుంచి వాయించినా 2016 దాకా ఆగాడు. ఇవేవీ అన్యాయాల జాబితా కాదు. జీతం మీద ఉన్నవాడికి షో నష్టపోయినా డబ్బు వస్తుంది, బ్యాండ్ అప్పులు తలకి చుట్టుకోవు. ఏదైనా సరే, ఏ పద్ధతో మొదటి రోజే తెలిసి ఉండాలి.

వాట్సాప్‌లోనైనా రాత రూపంలో ఉండాల్సినవి: షోకి ఎంత, రిహార్సల్ రోజుకి ఎంత, అడ్వాన్స్ ఎంత, షో రద్దయితే ఎంత. విశాఖలో అక్టోబరు, నవంబరు తుపాను నెలలు, బయటి షోలు ఆఖరి నిమిషంలో ఆగిపోతాయి. బయల్దేరాక రద్దయితే కనీసం సగం అడగడంలో తప్పు లేదు. డేట్లు బ్లాక్ చేయించుకుంటే వేరే పని వదులుకున్నందుకు అడ్వాన్స్ తీసుకోండి. కంపెనీ షోలలో ఫీజు పరిమితి దాటితే 10 శాతం టీడీఎస్ కోసి ఇస్తారు, పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు. కోసింది మీ పాన్ మీద కట్టారో లేదో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసుకుని రిటర్న్‌లో సర్దుకోవచ్చు. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు.

రికార్డింగ్‌కి పిలిస్తే లెక్క మారుతుంది. షో పేమెంట్ ఆ రాత్రికే. రికార్డింగ్ ఎంతకాలం అమ్ముడైతే అంతకాలం ఉంటుంది. పాత పాటకి మీరు వేసిన కొత్త బిట్టు మిమ్మల్ని రచయితని చేయదు. కొత్త పాట బాణీలో మీ పాలు ఉంటే ఆ రోజే, స్టూడియో నుంచి బయటికి రాకముందే శాతం మాట్లాడుకోవాలి. బాణీ కట్టినవాళ్లు, పాట రాసినవాళ్లు ఐపీఆర్‌ఎస్‌లో (పాటల రాయల్టీ వసూలు చేసే సొసైటీ) సభ్యులై రాయల్టీ అందుకుంటారు. వాయించినవాడికి కూడా కాపీరైట్ చట్టం కింద ప్రదర్శకుడి హక్కు 50 ఏళ్ల పాటు ఉంది. ‘‘సెషన్ ఫీజు, సర్వ హక్కులూ మావే’’ అన్న కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ హక్కుకి మీరు తీసుకుంటున్న ధర ఎంతో ఆలోచించుకోండి. క్రెడిట్‌లో పేరు మాత్రం ఫీజుతో సంబంధం లేకుండా అడగాలి. స్పెల్లింగ్ మీరే టైప్ చేసి పంపండి.

అభిమానులు

పాత మనిషిని ప్రేమించినవాళ్లు మొదటి ఆరు నెలలు మీ ప్రతి వీడియో కిందా పోలిక రాస్తారు. జవాబు ఇవ్వకండి. పాత సభ్యుడి గురించి ఎవరు అడిగినా మంచి మాటే, అది కూడా చిన్నగా. స్టేజీ మీద సోలో లేనప్పుడు ముందుకి రావద్దు. సింగర్ మీ పేరు చెప్పి చెయ్యి చూపిస్తే అప్పుడు నాలుగడుగులు వేయండి. మీ పేజీలో ‘‘ఫలానా బ్యాండ్ గిటారిస్ట్’’ అని రాసుకునే ముందు ఆ మాట వాడొచ్చా అని మేనేజర్‌ని అడగండి. ‘‘టూరింగ్ గిటారిస్ట్’’ అనమంటే అదే రాయండి. రిహార్సల్ వీడియోలు, సెట్ లిస్ట్ ఫొటోలు పెట్టొద్దు. కొత్తగా చేరినవాళ్లు తప్పు వాయించినందుకే కాదు, ఇలాంటి పోస్టుల వల్ల కూడా వెళ్లిపోవాల్సి రావచ్చు.

వెళ్లేటప్పుడు

ఏదో ఒక రోజు మీరూ ఖాళీ చేస్తారు. కనీసం నెల రోజుల ముందు చెప్పండి, ఒప్పుకున్న షోలు పూర్తి చేయండి. ప్యాచ్ ఫైళ్లు, పాటల పేజీలు పెన్‌డ్రైవ్‌లో పెట్టి వచ్చేవాడికి ఇవ్వండి. బ్యాండ్ కొన్న ఇన్ ఇయర్ రిసీవరు, కేబుళ్లు లెక్క చూసి, ఫొటో తీసి అప్పజెప్పండి. ఆఖరి పేమెంట్ ఖాతాలో పడ్డాకే వాట్సాప్ గ్రూపు నుంచి బయటికి రండి.